బొమ్మకి కుట్టిన తెర

మా అత్తగారు ఎర్మీనియా ఎనభై నాలుగేళ్ళ వయసులో కుర్చీ ఎక్కి, కిందపడి తుంటి విరగ్గొట్టుకుందంటే అందుకు కారణం నేనే. ఊళ్ళో ఎవరూ ఆ మాట అనలేదు. మా ఆయన కోస్తాబిలే కూడా అనలేదు. ఆవిడ మాత్రం అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే అంత నొప్పిలోనూ తల తిప్పి, "మఫాల్దా, ముందు ఆ తలుపులు మూసిరావే" అంది. తుంటి విరిగి పడున్న మనిషి అడగాల్సిన మాటేనా అది? నాకు ఏడుపూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

ఏ తలుపులంటారా? మంచిగది కిటికీ తలుపులు. మా వైపు ఎంత లేనివాళ్ళ ఇంట్లోనైనా ఒక మంచిగది ఉంటుంది. అందులో ఇంట్లోవాళ్ళెవరూ కూచోరు. ప్లాస్టిక్ కాయితం తియ్యని సోఫా, కాఫీ ఎరగని కాఫీ కప్పులు, ఎవరెవరి పెళ్ళిళ్ళలోనో పంచిన బాదంపలుకుల పొట్లాలు పేర్చిన అద్దాల బీరువా. ఇవన్నీ ఎప్పుడో రాబోయే గొప్పవాళ్ళ కోసం. ఆ గొప్పవాళ్ళు నా ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా రాలేదు. ఏడాదికోసారి ఈస్టరు ముందు పాదిరిగారొచ్చి పవిత్రజలం చల్లిపోతారు, అంతే. ఆయనక్కూడా తలుపులు ఓరగా తీసేది మా అత్తగారు, ఆయన కాలికి బల్ల తగిలినా సరే.

ఇంకో పనికి కూడా వాడతాం ఆ గదిని. ఇంట్లో ఎవరైనా పోతే అక్కడే పడుకోబెడతాం. మా మామగారిని అక్కడే ఉంచాం, చుట్టూ నాలుగు కొవ్వొత్తులు పెట్టి.

ఆ తలుపుల దగ్గర మా ఇద్దరికీ జరగని యుద్ధం లేదు.

"గాలి తగలాలి కదత్తమ్మా, గోడలు చెమ్మెక్కుతున్నాయి."

"ఎక్కితే నీ పుట్టింటి గోడలు కావుగా. మూయి."

"పట్టపగలు దీపం పెట్టుకుని దుమ్ము దులపాలా నేను?"

"దులపమని ఎవరేడ్చారు? మూయి."

ఆ ఏడు పాదిరిగారొచ్చే రోజు పొద్దున నేను తెగించాను. తలుపులు బార్లా తీసి, ఎండ లోపలికి రానిచ్చి, చక్కా బజారుకి పోయాను. ఆవిడ మేడమీంచి దిగి చూసింది. కింది గడియ వేసింది. పై గొళ్ళెం అందలేదు. కుర్చీ వేసుకుంది. అదీ సంగతి.

మూడు వారాలు ఆస్పత్రిలో ఉంది. ఎముక అతికిందిగానీ మెట్లెక్కే మాట అప్పుడే లేదన్నారు. మా పడకగదులన్నీ మేడమీద. కింద ఉన్నది వంటిల్లూ, మంచిగదీ. ఆడబిడ్డ ఫిలుచ్చా అగ్రోపొలి నించి వచ్చింది. ఆవిడుండేది సముద్రం ఒడ్డున, లిఫ్టు లేని నాలుగో అంతస్తు.

"సలెర్నోలో సిస్టర్లు నడిపే ముసలివాళ్ళ ఆశ్రమం ఉంది మఫాల్దా. బాగా చూసుకుంటారట," అంది గొంతు తగ్గించి.

మా ఆయన బూట్లకేసి చూస్తూ కూచున్నాడు. ఆయనంతే, గేదెలతో మాట్లాడినన్ని మాటలు మనుషులతో మాట్లాడడు.

"ఆవిడ ఇంటికే వస్తుంది వదినా," అన్నాను. "పడేసింది నేను. లేపేది కూడా నేనే."

తీసుకొచ్చి మంచిగదిలో మంచం వేశాం. ఆవిడ పడుకుని ఓసారి పైకప్పు చూసింది, ఓసారి నన్ను చూసింది.

"మీ మామని పెట్టిన చోటే పెట్టారన్నమాట. కొవ్వొత్తులు కూడా తెచ్చెయ్యండి, మళ్ళీ వెతుక్కోకుండా."

"అవేం మాటలత్తమ్మా!"

గోడవైపు తిరిగి పడుకుంది. సూప్ తెస్తే రెండు చెంచాలు. అప్పుడే తీసిన, ఇంకా వెచ్చగా ఉన్న గేదెపాల మొజరెల్లా జున్ను తెస్తే వాసన చూసి వదిలేసింది. మనిషన్నాక నన్ను తిట్టాలా వద్దా? తిట్టలేదు. అప్పుడు భయం వేసింది నాకు. పదోరోజు డాక్టరు వచ్చి, చూసి, వంటింట్లోకొచ్చి చెప్పాడు.

"ఎముక అతుక్కుంది. మనిషే అతుక్కోవడం లేదు. లేచి నడవాలి, తినాలి. ఇలాగే గోడకి తిరిగి పడుకుంటే నెల తిరక్కుండా పోతుందమ్మా."

కొట్టుకున్నాం, తిట్టుకున్నాం, నిజమే. కానీ నాకు కాన్పు కష్టమైతే రెండు రోజులు నా తల ఒళ్ళో పెట్టుకుని కూచుంది ఆవిడే. ఆవిడ నా మూలంగా పోకూడదు, అందులోనూ ఆ చీకటి గదిలో అసలే పోకూడదు. అది శవాల గది కాదు, మనుషుల గది అనిపించాలి ఆవిడకి. అంతే, నడుం బిగించాను.

ఆవిడ మంచాన్ని రెండు రోజులు వంటింట్లోకి మార్చాం. మా ఆయన చేత గోడలకి లేత పసుపు సున్నం వేయించాను. సోఫామీది ప్లాస్టిక్ చింపేశాను, ఆ చప్పుడు వింటే ప్రాణం లేచొచ్చింది. కిటికీ తలుపులు తీశాను. ఎదురుగా మా ఆర్టిచోక్ కూర మళ్ళు, వాటి వెనక వేల ఏళ్ళ కిందటి మూడు రాతి గుళ్ళు, ఇప్పుడు స్తంభాలే మిగిలాయి.

సోఫా పైన చీకటి గోడకి ఒక నీటిరంగుల బొమ్మ ఉండేది. ఆ పాడుపడ్డ గుళ్ళ బొమ్మే. గట్టు మీద నిలబడితే పొద్దస్తమానం కనపడే రాళ్ళు మళ్ళీ ఇంట్లో ఎందుకని నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు. దుమ్ము తుడిచేప్పుడు కూడా దీపం వెలుగులో ఏదో గోధుమరంగు మసక. ఇప్పుడు దించి కిటికీ దగ్గరికి తెచ్చాను. ఓరి దేవుడో! నీలం ఆకాశం, తేనెరంగు స్తంభాలు, బురదలో పడుకున్న గేదెలు, ఒక్కో గేదె ముక్కుమీద తడి కూడా తెలుస్తోంది. మూడో స్తంభం మొదట్లో ఒక అమ్మాయి. ఎర్ర లంగా, చేతిలో రాగిబిందె. నిన్న సాయంత్రం తడిపి వేసినట్టుంది ఆ ఎరుపు. ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఆ పిల్లని నేను చూడనేలేదు.

లేవగానే ఆవిడకి ఇదే కనపడాలి అనుకున్నాను. మంచానికి ఎదురుగా, కిటికీలోంచి ఎండ నిండా పడే గోడకి మేకు కొట్టి తగిలించాను. ఎంత మురిసిపోయానో చెప్పలేను.

ఆవిణ్ణి ఎత్తుకొచ్చి పడుకోబెట్టాం. కళ్ళు చికిలించి చుట్టూ చూసింది. పసుపు గోడలు చూసింది. ఎండ చూసింది. పెదవి కదిలింది, ఏదో అనబోయింది, బహుశా బాగానే అనబోయింది. అంతలో బొమ్మ కంటపడింది.

"దించు! దించవే దాన్ని!"

దుప్పటి విసిరేసి కాలు కింద పెట్టింది. ఐదు వారాల్లో అదే మొదటిసారి కాలు నేలకి ఆనడం. పరిగెత్తి పట్టుకున్నాను.

"ఎండ తగిలితే ఆ పిల్ల వెళ్ళిపోతుందే! తలుపులు ముయ్యి!"

మా ఆయన నాకేసి చూశాడు. మతి చలించిందని ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఆ చూపు ఆవిడ పట్టేసింది.

"నా బుర్ర బాగానే ఉంది. నీదే ఎప్పుడూ లేదు. పో, పోయి ఫిలుచ్చా ఇంట్లో దాని బొమ్మ చూసిరా. తర్వాత మాట్లాడు."

బొమ్మ దించాను. తలుపులు మూశాను. గది మళ్ళీ చీకటి. ఆవిడ మళ్ళీ గోడకి తిరిగిపోయింది.

మర్నాడు ఆవిడకి పక్కింటావిణ్ణి తోడుంచి, మూడుచక్రాల బండిలో మా ఆయనా నేనూ అగ్రోపొలి వెళ్ళాం. ఆడబిడ్డ ఇంటికి ఎన్నోసార్లు వెళ్ళాను. సముద్రం వైపు బాల్కనీ ఉన్న ముందుగదిలో, సోఫా ఎదురుగోడకి చట్రం కట్టిన కాయితం ఒకటుండేది. నేనది ఏదో పెన్సిలు గీతల బొమ్మ అనుకునేదాన్ని. ఇప్పుడు దగ్గరికెళ్ళి చూశాను. అవే స్తంభాలు. అదే కొలత. కానీ ఆకాశం లేదు, గేదెలు లేవు. పాలిపోయిన కాయితం మీద నాలుగు బూడిదరంగు గీతలు.

"వదినా, ఇది కూడా రంగుల బొమ్మేనా?"

ఫిలుచ్చా కాఫీ కప్పు కింద పెట్టింది.

"నా పెళ్ళికి అమ్మ ఇచ్చినప్పుడు మన ఇంట్లోదానిలాగే ఉండేది. ఎండలో పెట్టకే అని నెత్తీ నోరూ కొట్టుకుంది. నాకు నవ్వొచ్చింది. సముద్రం వెలుగు పడే గోడ వదిలేసి చీకట్లో తగిలించుకుంటామా? రోజూ చూస్తుంటే ఏం తెలియలేదు మఫాల్దా. ఒకరోజు చూసేసరికి లేదు."

"ఎర్ర లంగా అమ్మాయి?"

ఫిలుచ్చా లేచొచ్చి మూడో స్తంభం మొదట్లో వేలు పెట్టింది. అక్కడ టీ ఒలికి ఆరిపోయిన మరకలాంటిది ఉంది, చూపిస్తే తప్ప కనపడనంత.

"ఇక్కడుండేది." వేలు అక్కడే ఉంచింది. "అమ్మ వచ్చినప్పుడల్లా ఈ గోడకి వీపు పెట్టి కూచునేది. ఆవిడ పొగరనుకున్నాను. ఒక్క మాట అనలేదు నన్ను."

తిరుగుదారిలో ముప్పై ఒక్క ఏళ్ళ గొడవలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పిసినారి అన్నాను. డాబుమనిషి అన్నాను. గుడ్లగూబ అని కూడా అన్నాను, ఆవిడ వినేలాగే అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ ఆ గదిని గొప్పవాళ్ళ కోసం మూసి ఉంచలేదు. చేతి వేలంత ఉన్న ఒక ఆడపిల్ల కోసం మూసి ఉంచింది.

ఇంటికొచ్చి సరాసరి మంచం దగ్గర కూచున్నాను.

"చూశానత్తమ్మా."

"ఊఁ."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆవిడ గోడవైపు నించి నెమ్మదిగా ఇటు తిరిగింది.

"అడిగావా? కాపురానికొచ్చిన మూడోరోజు ఆ కిటికీ తలుపులు బార్లా తీసి ఏమన్నావో గుర్తుందా? 'ఈ ఇల్లు శవాల కంపు కొడుతోంది' అన్నావు. మా అత్తగారు పోయి అప్పటికి ఆరు నెలలే అయింది. ఆ పొద్దున్నే నీకు చెబుదామనుకున్నా. మాట్లాడకుండా తలుపులు మూసుకున్నా."

అన్నాను. నిజంగానే అన్నాను. ఇరవై ఏళ్ళ పిల్లని, నోటికి హద్దు లేదు. అన్నదాన్ని నేను మర్చిపోయాను, పడ్డది ఆవిడ కదా, ఎలా మర్చిపోతుంది?

"తప్పయింది," అన్నాను. ఆవిడ కాళ్ళ దగ్గర దుప్పటి పట్టుకుని ఏడ్చాను.

"ఏడుపు తర్వాత. విను," అంది. అప్పుడు చెప్పింది.

ఆ పిల్ల పేరు నుంజియెల్లా. ఈ ఇంటి పిల్ల కాదు, ఈ ఇంటికొచ్చిన కోడలు. ఎప్పటి మాటో, ఈ మైదానమంతా చిత్తడి నేల, దోమలు, చలిజ్వరం. ఎండాకాలం వస్తే ఊరు ఊరంతా కొండెక్కిపోయేవాళ్ళు. గుళ్ళ బొమ్మ వెయ్యడానికి ఎక్కణ్ణించో ఒక పరదేశి వచ్చి ఆ రాళ్ళ మధ్యే జ్వరంతో పడిపోయాడు. అంటుకుంటుందని ఎవరూ దగ్గరికి పోలేదు. నిండు గర్భిణి కనక నుంజియెల్లా కొండెక్కలేక ఇంట్లోనే ఉండిపోయింది. పంతొమ్మిది రోజులు రాగిబిందెతో నీళ్ళు మోసుకెళ్ళి వాడికి తాగించింది. వాడు బతికాడు. ఇవ్వడానికి వాడి దగ్గరేముంది? రెండు బొమ్మలు వేసిచ్చాడు. రెండింట్లోనూ ఆ పిల్లని పెట్టాడు. ఎండ సోకనివ్వకు, ఎరుపు నిలవదు అని చెప్పి వెళ్ళాడు.

"ఆమె పేరు చర్చి పుస్తకంలో కూడా సరిగ్గా లేదే. ఫలానావాడి భార్య అని రాశారు," అంది మా అత్తగారు. "ఆ ఎర్ర లంగా ఒక్కటే ఆమెది. అత్త నించి కోడలికి ఇస్తూ వచ్చారు, రెండూ కలిపి. నేను ప్రేమకొద్దీ ఒకటి నా కూతురికిచ్చా. తప్పు నాదే. పోగొట్టుకున్నా. ఇంకోటి పోనివ్వను."

"మరి మీకు వెలుగు కావాలి కదా. ఈ చీకట్లో మీరు..."

"నాదేముందే. ఇంకెన్నాళ్ళు? ఆమెకి చీకటుంచు."

చూడండి ఆవిడ సంగతి! తన ప్రాణానికీ, కాయితం మీది పిల్లకీ తక్కెడ పట్టి, తను పక్కకి జరిగింది. బొమ్మని మేడమీద పెట్టెలో పెడతానన్నాను. "పెట్టెలో చెమ్మకి పురుగు తినేస్తుంది, అదీగాక నా కళ్ళముందే ఉండాలి" అంది. ఆ పంతం ఆవిడదే. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

వంటింట్లోకి వెళ్ళి ఇస్త్రీ బట్టల గంప ముందేసుకుని కూచున్నాను. పైన ఉన్నవి చర్చి గుడ్డలు. ఈస్టరు ముందు రెండు వారాలు సిలువకీ విగ్రహాలకీ కప్పే ఊదారంగు తెరలు. పండగయ్యాక వాటిని ఉతికి ఇస్త్రీ చేసే వంతు ఆ ఏడు నాది. ఒకటి తీసి దులిపాను, అలాగే చేత్తో పట్టుకుని ఉండిపోయాను. దేవుడి విగ్రహానికే తెర కప్పుతాం, పండగకి తీస్తాం. దేవుడు ఎక్కడికీ పోడు కదా!

మేడమీదికి పరిగెత్తి నా పెళ్ళిపెట్టె తెరిచాను. అడుగున మా అమ్మ నేసిన నార దుప్పటి ఉంది, మూల నా పేరులో మొదటి అక్షరం కుట్టి. పెళ్ళప్పుడు సారె చూడ్డానికొచ్చిన అమ్మలక్కలందరి ముందూ మా అత్తగారు దాన్ని రెండు వేళ్ళతో నలిపి "గోనెసంచి" అంది. ఆ మాట పడి ముప్పై ఒక్క ఏళ్ళు నేనా దుప్పటి పరవలేదు. కత్తెర పెడుతుంటే మా అమ్మ గుర్తొచ్చి చెయ్యి ఆగింది. అయినా కోశాను. రెండు మడతలు వేసి కుట్టాను. మా ఆయన ఇత్తడి కడ్డీ తెచ్చాడు, ఉంగరాలు తెచ్చాడు, ఒక్క ప్రశ్న వెయ్యలేదు, ఆయన్ని కట్టుకున్నందుకు ఇలాంటప్పుడే సంతోషం నాకు.

బొమ్మని కిటికీ ఉన్న గోడకే, కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట తగిలించాను. దానిమీద తెర. తెరకి తాడు. తాడు చివర మంచం దాకా, ఆవిడ చెయ్యి అందేంత దూరం. అప్పుడు కిటికీ తలుపులు తీశాను. రెండూ బార్లా.

ఎండ దుప్పటి మీద, చేతుల మీద పడింది. ఆవిడ తాడు పట్టుకుంది. లాగింది. తెర పక్కకి జరిగింది, నుంజియెల్లా బిందె పట్టుకుని నిలబడి ఉంది. మా అత్తగారు పెదవులు కదుపుతూ మరియమ్మ జపం ఒకటి చెప్పుకుంది. అయిపోగానే తెర మూసేసింది.

"ఒక జపమంత సేపు చాలు రోజుకి," అంది. తర్వాత తెర అంచు చూపించమంది. దగ్గరికి తెచ్చి చూపించాను. రెండు వేళ్ళతో నలిపింది.

"ఇదా గోనెసంచి?"

"అదేనత్తమ్మా."

"మందంగా ఉంది. వెలుగు చుక్క కూడా పోదు దీన్లోంచి." అంచు వదలకుండానే, "మీ అమ్మ చేతిపని మంచిది. ఆ రోజే తెలుసు నాకు," అంది.

మా అమ్మ పోయి పన్నెండేళ్ళయింది. ఈ మాట అమ్మ చెవిన పడితే ఎంత బావుండేది! పడిందనే అనుకుంటున్నాను.

ఆ సాయంత్రం సూప్ గిన్నె ఖాళీ అయింది. "ఉప్పు లేదు, ఎప్పుడు నేర్చుకుంటావ్?" అంది. ఆ తిట్టు విని నేను వంటింట్లోకి పోయి చేతులు జోడించి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. వారానికి మంచం అంచున కూచుంది. నెలకి చేతికర్ర పట్టుకుని కిటికీ దాకా నడిచింది. ఆర్టిచోక్ మళ్ళకేసి చూసి కొడుకు నీళ్ళు సరిగ్గా కట్టలేదని అరిచింది. ఊళ్ళో ఆడవాళ్ళు ఒక్కరొక్కరే రావడం మొదలుపెట్టారు. ప్లాస్టిక్ లేని సోఫాలో కూచున్నారు. కాఫీ ఎరగని కప్పుల్లో కాఫీ తాగారు. ఫిలుచ్చా కూడా వచ్చింది, తల్లి పక్కన కూచుని తెర తీసినంత సేపూ కళ్ళార్పకుండా చూసింది. తల్లి కూతురి చెయ్యి వదల్లేదు. ఎండాకాలం చివర డాక్టరు మెట్లు ఎక్కొచ్చన్నాడు. మా ఆయన మంచం పైకి మొయ్యడానికి వచ్చాడు.

"ఎక్కడికిరా తీసుకుపోతావ్? యాభై ఏళ్ళ పైన తుడిచి పెట్టుకున్న గది. నేనే ఉంటా," అంది.

మళ్ళీ ఈస్టరు వచ్చింది. పాదిరిగారు నీళ్ళు చల్లుతూ లోపలికొచ్చి, వెలుగు చూసి గుమ్మంలో ఆగిపోయారు. ఈసారి బల్ల తగల్లేదు ఆయనకి. గోడమీద తెర చూసి, "ఇక్కడ ఏ పునీతురాలమ్మా, కప్పి ఉంచారు?" అని అడిగారు.

మా అత్తగారు తాడు అందుకుంది. లాగలేదు. నా చెయ్యి తీసుకుని, అరచేతిలో తాడు పెట్టి, వేళ్ళు మూసింది.

"మా కోడలు చెబుతుంది, ఆవిణ్ణడగండి," అంది.

చెప్పాను. మొదటి నించీ చెప్పాను, నుంజియెల్లా పేరుతో సహా. మధ్యలో తడుముకున్నప్పుడు ఆవిడ "ఊఁ, కానీ" అంది.

మా అబ్బాయి దొనాతోకి వచ్చే సెప్టెంబరులో పెళ్ళి. వాడు చేసుకోబోయే పిల్లకి కూడా నాలాగే నోరెక్కువ, మొన్న మా ఇంటికొచ్చి కిటికీ తలుపులు ఇంకా బాగా తియ్యచ్చుగా అంది. మా అత్తగారు నాకేసి చూసి నవ్వింది. కాపురానికొచ్చిన మొదటిరోజే ఆ పిల్లని ఆ గదిలో కూచోబెట్టి అంతా చెప్పేస్తాను. అడిగేదాకా ఆగను. తలుపులంటారా, తీసుకోనీ ఎంత కావాలంటే అంత. తెర ఉందిగా.